తోకా చెవులూ ఎవరివి?

తెలుగు పలుకుబడిలో కుక్కతోకకు దక్కిన చోటు చిన్నదేమీ కాదు. ఓడి వెనుదిరిగినవాడు తోక ముడిచాడంటాం. పైవాడి ముందు వంగి వంగి నడిచేవాడు తోక ఆడిస్తున్నాడంటాం. హద్దు మీరినవాడు తోక జాడిస్తున్నాడంటాం. వాడికి బుద్ధి చెప్పదలచినప్పుడు తోక కత్తిరిస్తానంటాం. చెవుల సంగతీ అంతే. కుతూహలం కలిగితే చెవులు రిక్కిస్తాం, ఆశ్చర్యం కలిగితే నిక్కబొడుచుకుంటాం. ఈ మాటలను పుట్టించిన వారెవరో గానీ జంతువును శ్రద్ధగా చూసినవారు. దాని మనసు బయటికి కనబడే తావులు తోక, చెవులేనని వారికి తెలుసు. తోక కత్తిరించడమంటే అవమానించడమనీ తెలుసు. ఆ పని నిజంగానే చేయించి, దానికి అందమని పేరు పెట్టే రోజు వస్తుందని మాత్రం వారు ఊహించి ఉండరు.

ఆ రోజు మా మెట్ట ప్రాంతానికి కూడా వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా అయినా, కృష్ణాజిల్లా మెట్ట అనడమే నాకు అలవాటు. నందిగామ, జగ్గయ్యపేట పట్టణాలు హైదరాబాదు - విజయవాడ రహదారి మీద ఉన్నాయి. ఆ దారి వెంట మా ఊళ్ళకు వచ్చిన కొత్త సరుకుల్లో జాతికుక్కలు కూడా ఉన్నాయి. పూర్వం ఇక్కడ కుక్క అంటే ఊరకుక్కే. మిరపకల్లం దగ్గర కాపలా పడుకునేది, ఇంటివాళ్ళు తిన్నదే తినేది, ఎవరి సొత్తూ కాకుండానే అందరిదీ అయ్యేది. ఇప్పుడు కొత్తగా కట్టిన మేడల గేట్లకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అనే పలకలు వేలాడుతున్నాయి. లోపల డోబర్మన్, రాట్‌వీలర్, బాక్సర్ జాతులు. కుక్కను పెంచడాన్ని నేను తప్పు పట్టడం లేదు. దాని ఒళ్ళు కోయించడం గూర్చే ఈ టపా.

వ్రాయడానికి తక్షణ కారణం నా మేనల్లుడు. నందిగామకు దగ్గరలో వ్యవసాయం చేస్తాడు. రెండు నెలల డోబర్మన్ పిల్లను తెచ్చుకున్నాడు. అది వచ్చేటప్పటికే తోక లేదు. ఇక చెవుల వంతు. "మావయ్యా, చెవులు నిలబడకపోతే దాన్ని డోబర్మన్ అని ఎవరంటారు? కోసే మనిషి వచ్చేవారం ఇంటికే వస్తానన్నాడు. నువ్వు నాలుగు పుస్తకాలు తిరగేస్తావు కదా, మంచీచెడ్డా చెప్పు" అన్నాడు. వారం రోజుల గడువుంది. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేది కాదు గనుక తీరికగా వ్రాస్తున్నాను. వాడితో పాటు మీరూ చదవండి.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. తోకను సాధారణంగా పిల్ల పుట్టిన 3 నుంచి 5 రోజుల్లో కత్తిరిస్తారు. తోక అంటే వెంట్రుకల కుచ్చు కాదు. వెన్నెముకకు కొనసాగింపు, అందులో ఎముకలున్నాయి, కండరాలున్నాయి, నరాలున్నాయి, రక్తనాళాలున్నాయి. చెవుల్ని 7 నుంచి 12 వారాల వయసులో కోస్తారు. వేలాడే చెవిలో సగానికి సగం మృదులాస్థిని కోసి, అంచును కుట్టి, మిగిలిన ముక్క నిటారుగా నిలబడేటట్లు ఆధారం కట్టి పట్టీలు వేస్తారు. ఆ పట్టీలు వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, విప్పుతూ కడుతూ ఉండాలి. ఇంతా చేసి ఆ చెవి నిలబడుతుందన్న హామీ లేదు. ఆ వయసు కుక్కపిల్లకు లోకంతో పరిచయం కలిగే వయసు. తలను తాకే ప్రతి చేయీ నొప్పినే తెస్తుందని అది నేర్చుకునేది కూడా అప్పుడే.

చెవి కోత మత్తు ఇచ్చి, పరిశుభ్రంగా, శస్త్రచికిత్స గదిలో చేయవలసిన పని. అక్కడ చేసినా మత్తుతో వచ్చే ప్రమాదం, రక్తస్రావం, చీము పట్టడం, మచ్చ ముడుచుకుని చెవి వంకరపోవడం ఉండనే ఉన్నాయి. ఇక మా వైపు జరిగేది ఏమిటి? కుక్కపిల్లలు అమ్మేవాడి అనుచరుడో, ఎక్కడో కొన్నాళ్ళు సహాయకుడిగా పనిచేసినవాడో సంచిలో కత్తెర, సూదీదారం పెట్టుకుని ఇంటికి వస్తాడు. ఎంత మత్తు ఇచ్చాడో, అసలు ఇచ్చాడో లేదో యజమానికి తెలియదు. జగ్గయ్యపేటలో మాకు తెలిసిన ఒక ఇంట ఇలాగే చేయించారు. నాలుగో రోజుకు ఎడమ చెవి ఉబ్బి, వాసన వేసి, చివరికి నల్లబడి చివర ఊడిపోయింది. కోసినవాడు ఫోను ఎత్తలేదు. పశువైద్యుడి దగ్గరకు మోసుకుపోయి ప్రాణం దక్కించుకున్నారు. ఆ కుక్క ఇప్పటికీ బ్రతికే ఉంది. ఒక చెవి నిలువు, ఒక చెవి మోడు. పిల్లవాడు ప్రేమతో తల నిమరబోయినా పక్కకు జరుగుతుంది. వాళ్ళు దానికి ద్రోహం తలపెట్టలేదు, ముద్దుగానే పెంచుకున్నారు. ముద్దు ఉన్నంత మాత్రాన హాని జరగదని అనుకోవడమే ఇక్కడి చిక్కు.

ఈ కోతలకు చెప్పే సమర్థనలు కొన్ని ఉన్నాయి. వాటిని తేలికగా కొట్టిపారేయకుండా ఒక్కొక్కటే పరిశీలించడం న్యాయం.

మొదటిది: పసికూనకు నొప్పి తెలియదు. ఒకప్పుడు మనుషుల పసిబిడ్డల విషయంలో కూడా వైద్యులు ఇదే మాట నమ్మారు, తర్వాత విడిచిపెట్టారు. 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు తోక కత్తిరిస్తుండగా 50 కుక్కపిల్లలను గమనించారు. కోసే క్షణాన అవన్నీ అరిచాయి. కళ్ళు తెరవని కూన తన బాధను మాటల్లో చెప్పలేదు, పారిపోలేదు. అది చెప్పుకోలేకపోవడాన్ని మనం తెలియకపోవడమని అనువదించుకున్నాం. కొన్ని కుక్కల్లో కోసిన చోట నరాల కొసలు గడ్డకట్టి, ముట్టుకుంటే బాధపెట్టడం కూడా పశువైద్యులు నమోదు చేసిన విషయమే.

రెండవది: తోక ఉంటే దెబ్బ తగులుతుంది, ముందే తీసేయడం మేలు. దీన్ని లెక్కగట్టి చూసినవాళ్ళున్నారు. 2010లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో 1,38,212 కుక్కల వైద్య వివరాలు తిరగేస్తే, తోకకు దెబ్బ తగిలిన సందర్భాలు 281 కనిపించాయి. ఒక్క తోకగాయాన్ని నివారించాలంటే సుమారు 500 కుక్కల తోకలు కత్తిరించవలసి ఉంటుందని వారి లెక్క. రాయి తగులుతుందేమోనని ఐదువందల మంది బిడ్డల కాలివేళ్ళు తీయించే తల్లి ఎక్కడైనా ఉంటుందా? పొదల్లో పరుగెత్తే వేటకుక్కల విషయంలో ప్రమాదం కొంత ఎక్కువన్నది నిజమే. నందిగామ మేడ గేటు దగ్గర పడుకునే కుక్కకు ఆ వాదం వర్తించదు.

మూడవది: చెవులు వేలాడితే చీము పడుతుంది, కోస్తే ఆరోగ్యం. నిటారు చెవుల కుక్కలకూ చెవిపోటు వస్తుంది. అది చర్మపు అలర్జీ వల్లనో, తేమ వల్లనో, పురుగుల వల్లనో వస్తుంది. వారానికొకసారి చెవి తెరచి చూసి, తడి తుడిస్తే సరిపోయే పనికి కత్తి అవసరం లేదు.

అసలు ఈ ఆచారాల పుట్టుక చూస్తే నవ్వు వస్తుంది. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో కొలుమెల్లా అనే రోమను వ్యవసాయ గ్రంథకర్త, కుక్కపిల్లకు నలభయ్యో రోజున తోక చివర తీసేయమన్నాడు. అలా చేస్తే దానికి పిచ్చి రాదన్న నమ్మకం అతని పేర చాలాకాలం చెలామణి అయింది. పిచ్చికుక్క కాటుకు పాస్చర్ 1885లో టీకా వేసి చూపాడు. కారణం పోయింది, కోత మిగిలింది. కారణం పోయినా మిగిలిన ఆచారానికి కొత్త కారణం వెతకడం మనిషికి వెన్నతో పెట్టిన విద్య. ఈసారి దొరికిన కారణం పేరు ‘జాతి లక్షణం’.

డోబర్మన్ జాతి లక్షణమన్నది దేవుడిచ్చినది కాదు. జర్మనీలోని అపోల్డా పట్టణంలో పన్నులు వసూలు చేసే డోబర్మన్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దంలో తన రక్షణ కోసం తయారు చేసుకున్న జాతి అది. చెవులు, తోక కోయడం ఆ తర్వాత మనుషులు అంటించిన ఫ్యాషను. కోసిన చెవుల కుక్కకు పుట్టిన పిల్లలకు చెవులు మళ్ళీ వేలాడుతూనే ఉంటాయి. నూరేళ్ళకు పైగా కోస్తున్నా పుట్టుకలోకి రానిదాన్ని జాతి లక్షణమని ఎలా అంటాం? ఆ జాతి పుట్టిన జర్మనీలోనే ఈ రెండు కోతలనూ చట్టం నిషేధించింది. పుట్టింటివాళ్ళు మానుకున్న నగను అత్తింటివాళ్ళు పట్టుబట్టి పెట్టినట్లుంది మన వరస.

ఐరోపా దేశాలు 1987లో స్ట్రాస్‌బర్గ్‌లో పెంపుడు జంతువుల రక్షణకు ఒక ఒడంబడిక చేసుకున్నాయి. రూపం మార్చడానికి, అంటే వైద్య అవసరం లేకుండా, చేసే శస్త్రచికిత్సలు కూడదని అది చెబుతుంది. తోక, చెవుల కోతతో పాటు గొంతు తీయడం, గోళ్ళు తీయడం, కోరలు తీయడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అమెరికాలో చట్టాలు ఇంత గట్టిగా లేవు గానీ, అక్కడి పశువైద్యుల సంఘం 2008లోనే అందం కోసం చేసే చెవి, తోక కోతలను వ్యతిరేకించింది. ఆ దేశంలో స్థిరపడి పిల్లుల్ని పెంచుకుంటున్న మన బంధుమిత్రులు ఒక సంగతి గమనించాలి. సోఫా చీరుతుందని పిల్లి గోళ్ళు తీయించడం గోళ్ళు కత్తిరించడం వంటిది కాదు. ప్రతి వేలి చివరి కణుపునూ ఎముకతో సహా తీసేయడం. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించింది.

ఇంతకంటే నన్ను ఆలోచింపజేసేది తోకకూ భావానికీ ఉన్న సంబంధం. 2007లో ఇటలీ పరిశోధకులు గమనించినదేమిటంటే, యజమానిని చూసినప్పుడు కుక్క తోక కుడివైపు ఎక్కువగా ఊగుతుంది. తెలియని బలమైన కుక్కను చూసినప్పుడు ఎడమవైపు మొగ్గుతుంది. 2008లో కెనడాలో మరికొందరు మరబొమ్మ కుక్కకు ఒకసారి పొడవు తోక, ఒకసారి పొట్టి తోక తగిలించి చూశారు. పొడవు తోక ఊపుతున్న బొమ్మ దగ్గరకు పెద్ద కుక్కలు ధైర్యంగా వచ్చాయి. తోక పొట్టిదైతే అది ఆడుతున్నా, నిలిచి ఉన్నా వాటికి తేడా అంతగా తెలియలేదు. అంటే తోక తీయడం వల్ల కుక్క ఒక అవయవాన్నే కాదు, సాటి కుక్కలతో మాట్లాడే నోటిని కూడా కొంత పోగొట్టుకుంటుంది. భాష మీద ప్రేమతో అచ్చు తెలుగులో వ్రాసుకుంటున్న మనకు ఈ నష్టం విలువ వేరే చెప్పాలా?

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. మా పెదనాన్నగారు వేశారు దాన్ని. "పట్నపు కుక్కల సంగతి సరేరా, మనం ఎడ్లకు ముక్కుతాడు వెయ్యలేదూ? విత్తులు కొట్టించలేదూ? వాతలు పెట్టలేదూ? కొమ్ములు చెక్కి కుప్పెలు తొడగలేదూ? అప్పుడు లేని జాలి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారు. తప్పించుకోదగిన ప్రశ్న కాదిది.

నా సమాధానం ఇది. ముక్కుతాడు, విత్తులు కొట్టడం బాధాకరమైన పనులే. వాటి వెనుక ఒక అవసరం ఉండేది. బలిష్ఠమైన ఒంగోలు గిత్తను మనిషి అదుపు చేసి అరకకు కట్టాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా నిర్దేశించిన పద్ధతిలో చేసే ఈ పనులకు మినహాయింపు ఇచ్చింది. అవసరం ఉన్నంత మాత్రాన బాధ పెట్టే హక్కు రాదు గనుకనే, 2023లో కేంద్రం చేసిన నియమాలు వీటిని పశువైద్యుడి చేత మత్తుతో చేయించమంటున్నాయి. వాతల విషయానికొస్తే, జబ్బుకు మందుగా పెట్టే వాత మందు కాదు, అది పోవలసిందే. కనుమనాడు కొమ్ములకు పసుపు, కుంకుమ, రంగులు పెట్టడం, తిరుపతమ్మ తిరునాళ్ళకు బండి కట్టేటప్పుడు గంటలు, పూసలు కట్టడం మాత్రం మరొక రకం. అవి కడిగితే పోతాయి, విప్పితే వస్తాయి. ఎద్దు ఎద్దుగానే మిగులుతుంది. అదే కొమ్మును అందం కోసం లోతుగా చెక్కితే? కొమ్ము పైపొర గోరువంటిదే గానీ లోపల నెత్తురున్న ఎముక ఉంది. అక్కడిదాకా పోయిన చెక్కుడు అలంకారం కాదు, గాయం.

కాబట్టి నేను పెట్టుకున్న పరీక్షలో మూడు ప్రశ్నలున్నాయి. ఈ పని వల్ల మేలు ఎవరికి? చేసినదాన్ని వెనక్కి తీసుకోగలమా? మేలు జంతువుది కాకపోతే, మనిషి అవసరం నిజమైనదేనా, మరో దారి లేదా? పిల్లలు పుట్టకుండా ఆడకుక్కకు చేసే శస్త్రచికిత్స వెనక్కి తీసుకోలేనిది. కానీ గర్భాశయంలో చీము పట్టే జబ్బు నుంచి దాన్ని కాపాడుతుంది, దిక్కులేని కూనల్ని తగ్గిస్తుంది. వీధికుక్కలకు ఆ చికిత్స చేసినప్పుడు మత్తులో ఉండగానే చెవి కొసన చిన్న గంటు పెడతారు. అదీ చెవి కోతే కదా అంటారు కొందరు. ఆ గంటు లేకపోతే మరుసటేడు మరొక బృందం ఆ కుక్కనే పట్టి, పొట్ట కోసి, ఇదివరకే అయిందని గ్రహించి కుట్టేస్తుంది. చిన్న కోత పెద్ద కోతను ఆపుతున్నది. డోబర్మన్ చెవి కోత దేన్ని ఆపుతుంది? ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ దాని దగ్గర సమాధానం లేదు. కుక్క బొచ్చుకు మనుషుల జుట్టు రంగు పూయడాన్ని కూడా ఇదే గీటురాయి మీద పెట్టండి. ఒళ్ళు నాకి శుభ్రం చేసుకునే ప్రాణి ఆ రసాయనాన్ని మింగుతుంది. మేలు ఫొటోకు మాత్రమే.

ఫొటోకు అన్నాను గానీ, కోరిక పాతదే. జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ప్రసిద్ధ శిల్పంలో మాంధాత చక్రవర్తి చుట్టూ ఆయన రత్నాలున్నాయి. ఆ సప్తరత్నాల్లో ఏనుగు, గుర్రం కూడా ఉన్నాయి. జంతువును యజమాని వైభవానికి గురుతుగా చూపడం మా ఊరి రాళ్ళకు రెండువేల ఏళ్ళ నాడే తెలుసు. అయితే ఆ ఏనుగు ఏనుగులాగే, ఆ గుర్రం గుర్రంలాగే ఉన్నాయి. చక్రవర్తి గొప్పదనం కోసం శిల్పి వాటి చెవులు మార్చలేదు. మనం పెంచే కుక్క భీకరంగా కనబడాలన్నది కుక్క కోరిక కాదు. మన గేటు చూసి దారినపోయేవాడు జంకాలన్నది మన కోరిక. దాని ఖర్చును కుక్క చెవులతో చెల్లిస్తున్నాం.

చట్టం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. భారత పశువైద్య మండలి 2011లో ఈ కోతలు వద్దని పశువైద్యులకు చెప్పింది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కోర్టుకు వెళ్ళగా మద్రాసు హైకోర్టులో ఆ ఉత్తర్వు నిలవలేదు. అంతటితో కోతకు అనుమతి వచ్చినట్లు చాలామంది చెప్పుకుంటారు, అది సరికాదు. 1960 చట్టం 11వ సెక్షను జంతువు అవయవాన్ని ఖండించడాన్ని క్రూరత్వంగానే పేర్కొంటుంది. 2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు, అనవసరమైన బాధ నుంచి జంతువుకు రక్షణ ఉండాలని విస్తారంగా చెప్పింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం జల్లికట్టును అనుమతించే రాష్ట్ర చట్టాలను సమర్థించినా, 1960 చట్టంలోని 11వ సెక్షను చెక్కుచెదరలేదు. చిక్కల్లా శిక్షలో ఉంది. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు! 1960లో అది డబ్బే. ఈనాడు నందిగామ బస్టాండులో ఇద్దరు టిఫిను చేస్తే అంతకు మించుతుంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను, జంతువును వికలాంగం చేసే దుశ్చర్యకు ఐదేళ్ళ దాకా జైలు శిక్ష చెబుతున్నది గానీ, కత్తెర సంచివాడి మీద దాన్ని ప్రయోగించమని అడిగేదెవరు? అడగవలసిన యజమానే డబ్బిచ్చి పిలిపించాడాయె.

అందుచేత మార్పు రావలసింది కొనేవాడి దగ్గర. తోక ఉన్న పిల్లే కావాలని ముందుగా అడిగితే, అమ్మేవాడు కోయడు. కోసినదానికి ఎక్కువ ధర పలికినంతకాలం మానడు. 2017 నియమాల ప్రకారం కుక్కల్ని ఈనించి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి, 8 వారాలు నిండని కూనను అమ్మకూడదు. ఆ నమోదు పత్రం చూపమనడం కొనేవాడి హక్కు. పశువైద్యులను కూడా ఒకటి కోరాలి. ‘నేను కాదంటే మరొకడు మొరటుగా చేస్తాడు’ అనే మాట మా వైపు తరచు వినబడుతుంది. దాని వెనుక జాలి ఉందని ఒప్పుకుంటాను. అయినా, వైద్యుడు కాదనడం వల్లనే ఆ పని తప్పని జనానికి తెలుస్తుంది. ఆయన చేస్తే తప్పుకు పరువు వస్తుంది.

ఒరే అబ్బాయీ, నీకు నా మాట ఇది. వచ్చేవారం ఆ మనిషిని రావద్దని చెప్పు. బయానా ఇచ్చి ఉంటే పోనీ. ఆ పిల్లను విజయవాడ దాటించి గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకుపో, టీకాలు వేయించు, తోక కోసిన చోట నొప్పి ఉందేమో పరీక్ష చేయించు. చెవులు వేలాడనీ. వాటిని వారానికొకసారి తెరచి చూడడం నీ పని. గేటు ముందు ఎవరైనా ‘ఇదేం డోబర్మన్‌రా’ అని నవ్వితే, జర్మనీలో ఇప్పుడు ఇవి ఇలాగే ఉంటాయని చెప్పు. వాళ్ళ నవ్వు రెండు రోజులుంటుంది, ఆ కుక్క నీతో పది పన్నెండేళ్ళు ఉంటుంది.